ముక్కలు కోసేది ఎవరు? బయటి ప్రోగ్రాముకు ఆర్గ్యుమెంట్లు పంపడంలోని చిక్కు

క్లుప్తంగా

యూనిక్స్, లినక్స్‌లలో ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను నడిపించేటప్పుడు ఆర్గ్యుమెంట్లు (ఏ ఫైలు మీద, ఎలా పనిచేయాలో చెప్పే మాటలు) విడివిడిగా, జాబితాగా వెళ్తాయి. విండోస్‌లో అన్నీ కలిసి ఒకే స్ట్రింగ్‌గా, అంటే ఒకే అక్షరాల వరుసగా, వెళ్తాయి. దాన్ని ముక్కలు చేసుకునే పని అందుకున్న ప్రోగ్రాందే. మధ్యలో షెల్ (టైప్ చేసిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం) దూరితే కోత ఇంకోసారి జరుగుతుంది. స్పేస్ ఉన్న ఫైలు పేరు దగ్గర ఆగిపోయే చిన్న తప్పు నుంచి, 2024లో రస్ట్ భాషకు 10కి 10 తీవ్రతతో నమోదైన లోపం దాకా చాలావాటి మూలం ఇక్కడే ఉంది. జాబితాగా పంపడం వల్ల సగం సమస్యే తీరుతుంది. హైఫన్‌తో మొదలయ్యే డేటా మిగతా సగం.

సమస్య మొదట కనిపించే చోటు

పెళ్లి వీడియోల సైజు తగ్గించే చిన్న టూల్ ఒకటి ఉందనుకుందాం. వీడియోను మార్చే అసలు పని అది చేయదు, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను పిలిచి చేయిస్తుంది. రాసినవారి మెషీన్‌లో ఫైళ్ల పేర్లు టెస్ట్1, టెస్ట్2 అని ఉంటాయి కాబట్టి అంతా చక్కగా నడుస్తుంది. స్టూడియోలో పెట్టిన మొదటి రోజే "సీత పెళ్లి.ఎంపీ4" దగ్గర ఆగిపోతుంది. ఎర్రర్ చూస్తే, "సీత" అనే ఫైలు దొరకలేదని ఉంటుంది. అలాంటి ఫైలు నిజంగానే లేదు. ఉన్నది ఒక ఫైలు, ప్రోగ్రాంకు అందినవి రెండు మాటలు.

అప్పుడు అందరూ చేసే పని ఒకటే: పేరుకు అటూ ఇటూ కోట్ గుర్తులు పెట్టడం. సింగిల్ కోట్స్ పెడితే "సీత పెళ్లి" నడుస్తుంది, కానీ "రాము'స్ బర్త్‌డే" దగ్గర మళ్లీ ఆగుతుంది. డబుల్ కోట్స్‌కు మారిస్తే డాలర్ గుర్తున్న పేరు దగ్గర ఇంకో రకంగా తేడా కొడుతుంది. దానికి ముందు బ్యాక్‌స్లాష్ పెడితే లినక్స్‌లో సరిపోతుంది, విండోస్‌లో సరిపోదు. ఇలా అతుకు మీద అతుకు వేస్తూ పోవడానికి కారణం ఒకటే. కోట్ గుర్తు ఎవరికోసం పెడుతున్నామో తేలకుండానే పెడుతున్నాం. కోట్ గుర్తు అనేది కోసేవాడికి ఇచ్చే సూచన. కోసేవాడే లేనిచోట అది ఫైలు పేరులో భాగమైపోతుంది. ఇద్దరు కోసేవాళ్లు ఉన్నచోట మొదటివాడే దాన్ని తినేస్తాడు, రెండోవాడికి ఏమీ మిగలదు.

యూనిక్స్‌లో అసలు కోతే లేదు

యూనిక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) స్థాయిలో కొత్త ప్రోగ్రాంను ఎక్కించే సిస్టమ్ కాల్ పేరు ఎగ్జెక్‌వీఈ. దానికి ఇచ్చేవి మూడు: ప్రోగ్రాం ఉన్న దారి, ఆర్గ్యుమెంట్ల జాబితా, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాంకు పేరు, విలువ జతలుగా అందే సెట్టింగులు) జాబితా. ఆర్గ్యుమెంట్ల జాబితాలో ఒక్కో అంశం ఒక్కో స్ట్రింగ్. దాని చివర విలువ సున్నా అయిన బైటు ఉంటుంది. కెర్నెల్ ఈ స్ట్రింగులను యథాతథంగా కొత్త ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) స్టాక్ అనే మెమరీ భాగం పైన కాపీ చేస్తుంది, అంతే. అందులో స్పేస్ ఉందా, కోట్ ఉందా, సెమీకోలన్ ఉందా అని చూడదు. వాటికి కెర్నెల్ దృష్టిలో అర్థమే లేదు.

అందువల్ల ["ఎఫ్ఎఫ్ఎంపెగ్", "-ఐ", "సీత పెళ్లి.ఎంపీ4"] అని మూడు అంశాల జాబితా పంపితే అవతల మూడే అందుతాయి. పేరు మధ్యలో కొత్త లైను ఉన్నా సరే, ముక్క అవదు. ఆర్గ్యుమెంట్ లోపల ఉండకూడనిది ఆ సున్నా బైటు ఒక్కటే. లినక్స్‌లో నడుస్తున్న ప్రాసెస్ ఆర్గ్యుమెంట్లను ప్రోక్ ఫైల్‌సిస్టమ్‌లోని సీఎండీలైన్ ఫైలు తెరిచి చూస్తే అంతా అతుక్కుపోయినట్టు కనిపించేది కూడా అందుకే. మాటల మధ్య ఉన్నది స్పేస్ కాదు, తెరమీద కనబడని ఆ సున్నా బైటు.

జాబితాలో మొదటి అంశం ప్రోగ్రాం పేరు అన్నది ఆనవాయితీ మాత్రమే, నియమం కాదు. పిలిచేవారు అక్కడ ఏదైనా పెట్టవచ్చు. అసలు ఏమీ పెట్టకుండా ఖాళీ జాబితా పంపడం కూడా చాలాకాలం కుదిరింది. ఆ వెసులుబాటు ఎంత దూరం తీసుకెళ్లిందో 2022 జనవరిలో బయటపడింది. లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో విస్తృతంగా ఉండే పీకేఎగ్జెక్ అనే ప్రోగ్రాం రూట్ (సిస్టమ్ మీద పూర్తి హక్కులున్న యూజర్) అధికారంతో నడుస్తుంది. ఆర్గ్యుమెంట్లు కనీసం ఒకటైనా ఉంటాయన్న నమ్మకంతో అది నేరుగా రెండోదాన్ని చదివేది. ఖాళీ జాబితా పంపితే ఆ రెండో స్థానంలో దొరికేది ఎన్విరాన్‌మెంట్ జాబితాలోని మొదటి అంశం, ఎందుకంటే స్టాక్‌లో ఆ రెండు జాబితాలూ పక్కపక్కనే ఉంటాయి. ఆ సందులోంచి మామూలు యూజర్ రూట్ అయిపోవచ్చని క్వాలిస్ సంస్థ చూపించింది. ఆ తప్పు 2009 మే నుంచి, అంటే ఆ ప్రోగ్రాం మొదటి వెర్షన్ నుంచి, అక్కడే ఉంది. తర్వాత లినక్స్ 5.18లో కెర్నెల్‌నే మార్చారు: ఖాళీ జాబితా వస్తే అదే ఒక ఖాళీ స్ట్రింగ్ చేర్చి పంపుతుంది.

షెల్ దూరేది ఎక్కడ

కెర్నెల్ ఇంత శుభ్రంగా ఉంటే సీత పెళ్లి ఎందుకు రెండు ముక్కలైంది? మధ్యలో షెల్ ఉండబట్టి. సీ భాషలోని సిస్టమ్ ఫంక్షన్ తనకు ఇచ్చిన స్ట్రింగ్‌ను నేరుగా నడపదు. ముందు షెల్‌ను లేపి, ఈ వాక్యాన్ని నడుపు అని దానికి అందిస్తుంది. పీహెచ్‌పీలో ఎగ్జెక్, పైథాన్‌లో ఓఎస్ మాడ్యూల్‌లోని సిస్టమ్, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో చైల్డ్ ప్రాసెస్ మాడ్యూల్‌లోని ఎగ్జెక్ ఇదే పద్ధతి. షెల్ అనేది మనిషి కీబోర్డు మీద కొట్టే వాక్యాన్ని అర్థం చేసుకోవడానికి పుట్టిన భాష. అది డాలర్ గుర్తున్న చోట వేరియబుల్ విలువ పెడుతుంది, స్పేస్ ఉన్నచోట కోస్తుంది, నక్షత్రం గుర్తును ఫైళ్ల పేర్లుగా విప్పుతుంది, చివర్లో కోట్ గుర్తులను తీసేస్తుంది. సెమీకోలన్ కనిపిస్తే అక్కడికి ఒక కమాండ్ అయిపోయిందని, తర్వాతది ఇంకోటని అనుకుంటుంది.

ఫైలు పేరు బయటివాళ్లు ఇచ్చేదైతే భద్రతా సమస్య మొదలయ్యేది ఇక్కడే. అప్‌లోడ్ చేసిన ఫైలు పేరులో సెమీకోలన్, దాని వెనుక ఇంకో కమాండ్ ఉంటే, షెల్ దాన్ని కూడా విధేయంగా నడుపుతుంది. దీన్నే కమాండ్ ఇంజెక్షన్ అంటారు.

అందుకే దాదాపు అన్ని భాషల్లోనూ షెల్ లేని దారి కూడా ఉంటుంది. పైథాన్ 2.4లో, అంటే 2004లో, సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ వచ్చింది. అందులో జాబితా ఇవ్వడమే మామూలు పద్ధతి, షెల్ కావాలంటే షెల్=ట్రూ అని విడిగా చెప్పాలి. జావాలో ప్రాసెస్‌బిల్డర్, నోడ్‌లో స్పాన్, గో భాషలో ఎగ్జెక్ ప్యాకేజీలోని కమాండ్ అదే పని చేస్తాయి.

ఈ రెండు పద్ధతులనూ కలిపితే వచ్చే తప్పు పైథాన్ నేర్చుకునేవాళ్లను బాగా తికమక పెడుతుంది. లినక్స్‌లో ["ఎల్ఎస్", "-ఎల్"] అని జాబితా ఇస్తూ షెల్=ట్రూ కూడా పెడితే ఎర్రర్ రాదు. ఫైళ్ల జాబితా వస్తుంది, కానీ వివరాలు లేకుండా వస్తుంది. కారణం ఏమిటంటే, జాబితాలో మొదటి అంశాన్నే షెల్ కమాండ్‌గా తీసుకుంటుంది. మిగతావి ఆ కమాండ్‌కు వెళ్లవు, షెల్‌కే ఆర్గ్యుమెంట్లు అవుతాయి. ఎర్రర్ వచ్చి ఉంటే అరగంటలో తేలిపోయేది. రాకపోవడంతోనే టెన్షన్ అంతా.

జావాది ఇంకో దారి. రన్‌టైమ్ క్లాసులోని ఎగ్జెక్ మెథడ్‌కు ఒకే స్ట్రింగ్ ఇస్తే షెల్ రాదు, కానీ జావాయే దాన్ని స్పేసుల దగ్గర కోస్తుంది. ఆ కోతకు కోట్ గుర్తులంటే తెలియదు. డబుల్ కోట్స్‌లో పెట్టిన "సీత పెళ్లి.ఎంపీ4" అవతలికి రెండు ముక్కలుగా చేరుతుంది, మొదటి ముక్కకు ముందు ఒక కోటు, రెండో ముక్కకు చివర ఒక కోటు అంటుకుని. కోట్స్ పెట్టినా పని చేయట్లేదేమిటని తల పట్టుకునేది ఇక్కడే. ఒకే స్ట్రింగ్ తీసుకునే ఈ రూపాన్ని చివరికి జావా 18లో, 2022లో, వాడవద్దని గుర్తుపెట్టారు.

దూరపు మెషీన్‌లో కమాండ్లు నడిపే ఎస్ఎస్‌హెచ్ సంగతి ఇంకా విచిత్రం. ఇవతలి మెషీన్‌లో జాబితాగా, పద్ధతిగా పంపినా, ఎస్ఎస్‌హెచ్ ఆ ముక్కలన్నింటినీ స్పేసులతో కలిపి ఒకే వాక్యం చేస్తుంది. అవతలి మెషీన్‌లోని షెల్ దాన్ని మళ్లీ కోస్తుంది. ఇక్కడ పెట్టిన కోట్స్ ఇక్కడి షెల్ దగ్గరే అయిపోతాయి. అవతలివాడి కోసం విడిగా ఇంకో పొర పెట్టాలి. సర్వర్ మీద ఫోల్డర్ పేరులో స్పేస్ ఉంటే డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టులు విరిగిపోయేది చాలావరకు ఈ రెండో కోత వల్లే.

విండోస్‌లో ఒకే తాడు

విండోస్‌లో పరిస్థితి తలకిందులు. అక్కడ కొత్త ప్రాసెస్‌ను పుట్టించే క్రియేట్‌ప్రాసెస్ అనే పిలుపు తీసుకునేది జాబితా కాదు, ఒకే ఒక్క స్ట్రింగ్. గరిష్ఠ పొడవు 32,767 అక్షరాలు. డాస్ రోజుల్లో ప్రోగ్రాం ముందు 128 బైట్ల చిన్న చోటు ఉండేది. ప్రోగ్రాం పేరు తర్వాత యూజర్ టైప్ చేసిందంతా ఉన్నదున్నట్టు అందులో పడేది. ముక్కలు చేసుకోవడం ప్రోగ్రాం సొంత వ్యవహారం. చోటు పెరిగింది కానీ ఆ తీరు నేటికీ మారలేదు.

ఆ స్ట్రింగ్‌ను ఎలా కోయాలో చెప్పే నియమం విండోస్‌లో అందరికీ ఒకటే అని లేదు. ఎక్కువ ప్రోగ్రాములు మైక్రోసాఫ్ట్ సీ రన్‌టైమ్ (సీ భాష ప్రోగ్రాములు వాడే లైబ్రరీ) నియమాలను పాటిస్తాయి. అందులో బ్యాక్‌స్లాష్‌కు రెండు ముఖాలు. డబుల్ కోటుకు ముందు కాకుండా ఇంకెక్కడున్నా అది మామూలు అక్షరమే. సరిగ్గా కోటుకు ముందుంటే మాత్రం లెక్క మారుతుంది: సరిసంఖ్యలో ఉంటే సగం మిగిలి కోటు హద్దుగా పనిచేస్తుంది, బేసి సంఖ్యలో ఉంటే కోటు కూడా డేటాలో భాగమవుతుంది.

ఈ నియమం తెచ్చే ఇబ్బందికి ఫోల్డర్ దారులే మంచి ఉదాహరణ. ఒక కాపీ ప్రోగ్రాంకు ఇలా పంపారనుకుందాం:

"సి:\పెళ్లి ఫొటోలు\" డి:\బ్యాకప్

చూడటానికి రెండు ఆర్గ్యుమెంట్లు. మొదటిదాంట్లో స్పేస్ ఉంది కాబట్టి కోట్స్ పెట్టారు. ఫోల్డర్ అని తెలిసేలా చివర బ్యాక్‌స్లాష్ ఉంచారు. కానీ ఆ బ్యాక్‌స్లాష్ సరిగ్గా కోటుకు ముందుంది, పైగా ఒక్కటే ఉంది. దాంతో మూయాల్సిన కోటు కాస్తా డేటా అయిపోయింది. కోట్ ఇంకా తెరిచే ఉందనుకుని ప్రోగ్రాం చివరిదాకా చదివేస్తుంది. దానికి అందేది ఒకే ఆర్గ్యుమెంట్, మధ్యలో ఒక కోట్ గుర్తుతో సహా. రోబోకాపీ వాడే సిస్టమ్ అడ్మిన్లకు ఇది పాత పరిచయమే.

ప్రోగ్రాం దారి దగ్గరే ఇంకో గుంట ఉంది. కోట్స్ లేకుండా ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌లోని దారిని క్రియేట్‌ప్రాసెస్‌కు ఇస్తే, అది మొదట సి డ్రైవ్‌లో "ప్రోగ్రాం" అనే ఎగ్జిక్యూటబుల్ ఉందేమో చూస్తుంది. లేకపోతే తర్వాతి స్పేస్ దాకా, ఆ తర్వాత ఇంకో స్పేస్ దాకా జరుగుతుంది. ఎవరైనా ఆ పేరుతో ఒక ఫైలు ముందే పెట్టి ఉంచితే అదే నడుస్తుంది. భద్రతా తనిఖీ నివేదికల్లో కోట్స్ లేని సర్వీస్ దారి అని తరచూ కనిపించేది దీని గురించే.

పైథాన్, జావా, రస్ట్ లాంటివి విండోస్‌లో కూడా జాబితానే తీసుకుంటాయి కదా అనిపిస్తుంది. తీసుకుంటాయి, కానీ లోపల దాన్ని పై నియమాల ప్రకారం ఒకే స్ట్రింగ్‌గా కుట్టి పంపుతాయి. అవతలి ప్రోగ్రాం అవే నియమాలతో విప్పితే సరి. వేరే నియమాలతో విప్పితే? 2024 ఏప్రిల్‌లో వార్తల్లోకి వచ్చింది ఆ ప్రశ్నే.

బ్యాట్‌బ్యాడ్‌బట్: కుట్టేవాడిది ఒక లెక్క, విప్పేవాడిది ఇంకో లెక్క

2024 ఏప్రిల్ 9న రస్ట్ బృందం 1.77.2 వెర్షన్ విడుదల చేసింది. సీవీఈ-2024-24576గా నమోదైన లోపాన్ని సరిచేయడానికి వచ్చిన వెర్షన్ అది (బయటపడ్డ భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్యే సీవీఈ). తీవ్రత స్కోరు 10.0. భద్రతకు పేరుపడ్డ భాషలో, అదీ షెల్ వాడకుండా జాబితా పంపే ఫంక్షన్‌లో లోపం కావడంతో చాలామంది అయోమయంలో పడ్డారు. దీన్ని బయటపెట్టిన ఫ్లాట్ సెక్యూరిటీ పరిశోధకుడు పెట్టిన పేరు బ్యాట్‌బ్యాడ్‌బట్: బ్యాచ్ ఫైళ్లకు సంబంధించినది, చెడ్డదే, కానీ మరీ అంత ఘోరమైనది కాదు అని దాని భావం.

బ్యాచ్ ఫైలు (కమాండ్లు వరసగా రాసిన ఫైలు) తనంతట తాను నడవలేదు. క్రియేట్‌ప్రాసెస్‌కు బ్యాట్ లేదా సీఎండీ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైలు ఇస్తే, విండోస్ చెప్పాపెట్టకుండా తన సొంత షెల్ సీఎండీని మధ్యలోకి తెస్తుంది. కోడ్ రాసినవారు షెల్ వద్దనుకున్నా షెల్ వచ్చి కూర్చుంటుంది. సీఎండీకి బ్యాక్‌స్లాష్ నియమాలు తెలియవు. దానికి తెలిసిన ఎస్కేప్ గుర్తు (తర్వాతి అక్షరాన్ని మామూలు డేటాగా చూడమని చెప్పేది) క్యారెట్. శాతం గుర్తుల మధ్య ఉన్న పేరును డబుల్ కోట్స్ లోపల ఉన్నా సరే వేరియబుల్‌గా విప్పేస్తుంది.

దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. బయటి నుంచి వచ్చిన డేటా ఇది అనుకుందాం: ఒక డబుల్ కోటు, వెంటనే ఆంపర్‌శాండ్, తర్వాత ఒక ప్రోగ్రాం పేరు.

"&క్యాల్క్

దిద్దుబాటుకు ముందు రస్ట్ దీన్ని సీ రన్‌టైమ్ పద్ధతిలో కుట్టేది. అంటే డేటాలోని కోటుకు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి, మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో ఉంచేది:

"\"&క్యాల్క్"

సీ రన్‌టైమ్ దీన్ని చదివితే వచ్చేది సరిగ్గా మొదటి డేటాయే. సీఎండీ చదివితే మొదటి కోటు తెరిచింది, బ్యాక్‌స్లాష్ మామూలు అక్షరం, రెండో కోటు మూసింది. ఇప్పుడు ఆంపర్‌శాండ్ కోట్స్ బయట పడింది. సీఎండీలో దాని అర్థం, ఇంకో కమాండ్ మొదలవుతోంది అని. క్యాల్క్యులేటర్ తెరుచుకుంటుంది. క్యాల్క్యులేటర్ బదులు దాడి చేసేవారు ఏదైనా పెట్టవచ్చు.

ఇది రస్ట్ ఒక్కదాని సమస్య కాదు. నోడ్ మరుసటి రోజే కొత్త వెర్షన్లు విడుదల చేసి, షెల్ అడగకుండా బ్యాచ్ ఫైలు నడపబోతే ఎర్రర్ ఇచ్చేలా మార్చింది. విండోస్‌లో ఎన్‌పీఎం (నోడ్ ప్యాకేజీలు తెచ్చే టూల్) కూడా ఒక సీఎండీ ఫైలే కాబట్టి, దాన్ని స్పాన్‌తో పిలిచే బిల్డ్ స్క్రిప్టులు ఆ అప్‌డేట్ తర్వాత ఒక్కసారిగా ఆగిపోయాయి. పీహెచ్‌పీ, హాస్కెల్ కూడా దిద్దుబాట్లు ఇచ్చాయి. పైథాన్, రూబీ, గో భాషలు డాక్యుమెంటేషన్‌లో హెచ్చరిక చేర్చే దారి ఎంచుకున్నాయి. రస్ట్‌కే కూడా అక్కడితో అయిపోలేదు. ఫైలు పేరు చివర స్పేస్ లేదా చుక్క ఉంటే విండోస్ వాటిని పట్టించుకోదు, కానీ రస్ట్ చేసే ఎక్స్‌టెన్షన్ తనిఖీ పట్టించుకునేది. ఆ సందు 1.81లో, అదే ఏడాది సెప్టెంబరులో మూసుకుంది.

రస్ట్ ఎంచుకున్న పరిష్కారం గమనించదగ్గది. సీఎండీ కోసం ప్రతి సందర్భంలోనూ సరైన ఎస్కేప్ పద్ధతి దొరకలేదు. దాంతో క్షేమంగా పంపలేని ఆర్గ్యుమెంట్ వస్తే అసలు నడపకుండా ఎర్రర్ తిరిగిస్తుంది. ఊహించి కుట్టడం కంటే నడపనని చెప్పడమే నయం. ఈ విషయంలో హెచ్చరిక రాసి ఊరుకున్న భాషల కంటే రస్ట్, నోడ్ చేసింది గట్టి పని.

కోత సరిగ్గా ఉన్నా తప్పని ప్రమాదం

షెల్ లేదు, జాబితా సరిగ్గా వెళ్లింది, ఒక్క ముక్క కూడా అదనంగా కాలేదు. అయినా దెబ్బ తగలవచ్చు. హైఫన్‌తో మొదలయ్యే ఆర్గ్యుమెంట్ ఆప్షన్ అని, మిగతాది డేటా అని చాలా ప్రోగ్రాములు చూపు మీదే తేల్చుకుంటాయి. కెర్నెల్ ఆ తేడా మోయదు. ఫైలు పేరే హైఫన్‌తో మొదలైతే అది ఆప్షన్ అయిపోతుంది. యూనిక్స్ పాఠాల్లో పాత ఉదాహరణ ఒకటుంది: ఫోల్డర్‌లో "-ఆర్ఎఫ్" అనే పేరున్న ఫైలు ఉండగా ఆర్ఎం కమాండ్‌కు నక్షత్రం గుర్తు ఇస్తే, ఆ ఫైలు చెరగదు, అదే మిగతావాటిని సబ్‌ఫోల్డర్లతో సహా చెరిపించే ఆజ్ఞ అవుతుంది.

2017 ఆగస్టులో, కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లో బయటపడ్డ సీవీఈ-2017-1000117 ఇదే కోవది. ఎస్ఎస్‌హెచ్ చిరునామాలో సర్వర్ పేరు ఉండాల్సిన చోట హైఫన్‌తో మొదలయ్యే మాట పెడితే, గిట్ దాన్ని ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రాంకు ఒక ఆర్గ్యుమెంట్‌గా పద్ధతిగానే అందించేది. ఎస్ఎస్‌హెచ్ దాన్ని సర్వర్ పేరు అనుకోలేదు, ప్రాక్సీ కమాండ్ ఆప్షన్ అనుకుని అందులో ఉన్నది నడిపేది. రిపాజిటరీని సబ్‌మాడ్యూళ్లతో సహా క్లోన్ చేస్తే చాలు. మెర్క్యూరియల్, సబ్‌వర్షన్‌లలోనూ ఇదే కనిపించింది. గిట్ 2.14.1లో హైఫన్‌తో మొదలయ్యే సర్వర్ పేర్లను తిరస్కరించడం మొదలుపెట్టారు.

అంతకు కొన్ని నెలల ముందు, 2016 డిసెంబరులో, పీహెచ్‌పీమెయిలర్ లైబ్రరీలో వచ్చిన లోపంలో రెండు రకాల తప్పులూ కలిసి ఉన్నాయి. పంపినవారి ఈమెయిల్ చిరునామా లోపలికి వెళ్లి, మెయిల్ పంపే సెండ్‌మెయిల్ ప్రోగ్రాంకు ఆర్గ్యుమెంట్ అయ్యేది. ఒకరు చిరునామా మధ్యలో కోట్స్, స్పేసులు ఇరికించి అదనపు ఆప్షన్లు పంపి, లాగ్ ఫైలు పేరుతో వెబ్ ఫోల్డర్‌లో కోడ్ రాయించవచ్చు. 5.2.18లో ఎస్కేప్ చేసే ఫంక్షన్ ఒకటి చేర్చి సరిచేశామనుకున్నారు. కానీ పీహెచ్‌పీలోని మెయిల్ ఫంక్షన్ లోపల అప్పటికే ఇంకో ఎస్కేప్ ఫంక్షన్ నడుస్తోంది. ఒకదాని మీద ఒకటి పడి, మొదటిది వేసిన తాళాన్ని రెండోది ఊడదీసింది. రోజుల్లోనే రెండో సీవీఈ, 5.2.20 వెర్షన్ వచ్చాయి. ఒక్క ఎస్కేప్ మంచిదైతే రెండు ఇంకా మంచివి అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. ఎన్ని కోతలున్నాయో అన్నే ఎస్కేప్‌లు, ఆ కోసేవాడి భాషలోనే ఉండాలి.

ఆప్షన్, డేటా తేడా చెప్పడానికి యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్ ఇచ్చిన మార్గం రెండు హైఫన్‌లు మాత్రమే ఉన్న ఆర్గ్యుమెంట్. దాని తర్వాత వచ్చేదంతా డేటాయే. దీన్ని పాటించని ప్రోగ్రాములూ ఉన్నాయి. ఫైలు పేర్లకైతే ముందు చుక్క, స్లాష్ చేర్చడం ఎక్కడైనా పనిచేస్తుంది.

హైఫన్‌ను వడపోస్తే చాలనుకున్నవారికి 2024 జూన్‌లో పీహెచ్‌పీ సీజీఐ (వెబ్ సర్వర్ పీహెచ్‌పీని బయటి ప్రోగ్రాంగా నడిపే పద్ధతి) ఉదంతం ఎదురైంది. వెబ్ చిరునామాలోని ప్రశ్న గుర్తు తర్వాతి భాగం పీహెచ్‌పీకి ఆర్గ్యుమెంట్‌గా వెళ్లడం వల్ల 2012లో ఒక లోపం బయటపడి, హైఫన్‌తో మొదలైతే ఆపేలా సరిచేశారు. పన్నెండేళ్ల తర్వాత డెవ్‌కోర్ సంస్థ చూపించింది వేరే దారి. సాఫ్ట్ హైఫన్ అనే ఇంకో అక్షరం ఉంది. వడపోత దాన్ని హైఫన్ అనుకోదు. కానీ జపనీస్, చైనీస్ భాషలకు సెట్ చేసిన విండోస్ దాన్ని దగ్గరి పోలిక చూసి మామూలు హైఫన్‌గా మార్చి అందిస్తుంది. తనిఖీ జరిగినప్పుడు ఒక అక్షరం, అందేటప్పటికి ఇంకోటి.

తెలుగు పేర్లకు వచ్చే ప్రత్యేక ఇబ్బంది

అక్షరాలు మారిపోవడం తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టుకునేవారికి కొత్త కాదు. లినక్స్‌లో ఆర్గ్యుమెంట్ అంటే బైట్ల వరుస మాత్రమే. "తెలుగు" అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లుగా వెళ్లి 18 బైట్లుగానే చేరుతుంది. విండోస్‌లో రెండు దారులు: యూనికోడ్ దారి, పాత కోడ్ పేజీ (ఒక్కో భాషకు విడిగా ఉండే అక్షరాల పట్టిక) దారి. ఆ పాత దారిలో సిస్టమ్ వాడే కోడ్ పేజీల్లో తెలుగుకు ఒకటంటూ లేదు. అందుకే పాత దారిలో ఆర్గ్యుమెంట్లు చదివే ప్రోగ్రాంకు "సీత పెళ్లి" బదులు వరసగా ప్రశ్న గుర్తులు అందుతాయి. విండోస్ ఫైలు పేర్లలో ప్రశ్న గుర్తు నిషిద్ధం కాబట్టి ఫైలు తెరుచుకోదు. 2019లో వచ్చిన విండోస్ 10 1903 వెర్షన్ నుంచి ప్రోగ్రాం తనకు యూటీఎఫ్-8 కావాలని మానిఫెస్ట్‌లో (ప్రోగ్రాంతో పాటు వచ్చే సెట్టింగుల ఫైలులో) అడిగే వీలుంది. పాత టూల్స్ అడగవు.

లినక్స్‌లో బైట్లు చెక్కుచెదరకపోవడం మంచిదే, కానీ కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లు బైట్లలో వేరు కావచ్చు. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో పొల్లు విడిగా కనబడటానికి మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం టైప్ చేస్తారు. కోడ్‌లో ఆ అక్షరం లేకుండా రాస్తే ఫైలు దొరకదు. ఐత్వం సంగతి ఇంకా సూక్ష్మం. యూనికోడ్‌లో అది ఒకే గుర్తుగానూ ఉండవచ్చు, ఎత్వం, దాని కింది భాగం కలిసిన రెండు గుర్తులుగానూ ఉండవచ్చు. పాత మ్యాక్‌ల ఫైల్‌సిస్టమ్ పేర్లను విడదీసి దాచుకునేది. "పైథాన్ పాఠాలు" అనే ఫోల్డర్‌ను అక్కడి నుంచి లినక్స్‌కు తెచ్చుకుంటే, కీబోర్డుతో టైప్ చేసిన పేరుతో అది కలవకపోవచ్చు.

పొడవు, రహస్యం

ఆర్గ్యుమెంట్లకు హద్దు ఉంది. లినక్స్‌లో 2.6.23 కెర్నెల్ నుంచి మొత్తం ఆర్గ్యుమెంట్లు, ఎన్విరాన్‌మెంట్ కలిపి స్టాక్ పరిమితిలో నాలుగో వంతు దాకా ఉండవచ్చు. స్టాక్ పరిమితి మామూలుగా ఉండే 8 ఎంబీ అయితే అది 2 ఎంబీ. ఒక్కో స్ట్రింగ్ మాత్రం 128 కేబీ దాటకూడదు. సీఎండీ షెల్‌లో హద్దు 8,191 అక్షరాలే. వేల ఫైళ్ల పేర్లు ఒకేసారి పంపే స్క్రిప్టులు ఇక్కడ తట్టుకుంటాయి. పేర్లను ఫైండ్ కమాండ్ నుంచి ఎక్స్‌ఆర్గ్స్‌కు విడతలుగా అందించడం పాత పరిష్కారం. అక్కడ కూడా మధ్యలో సున్నా బైటును హద్దుగా వాడితేనే స్పేస్ గొడవ ఉండదు. ఆ ఆప్షన్లు పోసిక్స్ ప్రమాణంలోకి అధికారికంగా చేరింది 2024లోనే.

పాస్‌వర్డులను ఆర్గ్యుమెంట్‌గా పంపడం వేరే రకం పొరపాటు. లినక్స్‌లో మామూలు సెట్టింగులతో, ఒక ప్రాసెస్ ఆర్గ్యుమెంట్లను అదే మెషీన్‌లోని ఏ యూజరైనా పీఎస్ కమాండ్‌తో చూడగలడు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను అలా చూడలేడు. కర్ల్ లాంటివి మొదలవగానే తమ ఆర్గ్యుమెంట్లలోని పాస్‌వర్డును చెరిపేస్తాయి, కానీ ఆ లోపు క్షణకాలం అది కనిపిస్తూనే ఉంటుంది. స్టాండర్డ్ ఇన్‌పుట్ ద్వారా గానీ, అనుమతులు బిగించిన ఫైలు ద్వారా గానీ ఇవ్వడమే పద్ధతి.

ఇకమీదట ఏం మారవచ్చు

భాషలన్నీ ఒకే దిక్కుకు కదులుతున్నాయి. డాట్‌నెట్‌లో చాలాకాలం ఒకే స్ట్రింగ్ ఇచ్చే దారే ఉండేది, డాట్‌నెట్ కోర్ 2.1లో జాబితా వచ్చింది. పవర్‌షెల్ బయటి ప్రోగ్రాములకు డబుల్ కోట్స్ ఉన్న ఆర్గ్యుమెంట్లను ఏళ్ల తరబడి విరగ్గొట్టి పంపేది. 2022లో వచ్చిన 7.3లో ఆ తీరు మారింది, దాంతో పాత అలవాటు ప్రకారం అదనపు బ్యాక్‌స్లాష్‌లు పెట్టుకున్న స్క్రిప్టులు ఇప్పుడు వేరేలా విరుగుతున్నాయి. ప్రతి దిద్దుబాటుకూ ఈ ఖర్చు తప్పదు, ఎందుకంటే తప్పుకు అలవాటుపడి రాసిన కోడ్ కూడా వాడకంలోనే ఉంటుంది. విండోస్‌లోని ఒకే స్ట్రింగ్ పద్ధతి మాత్రం ఇప్పట్లో మారే సూచన లేదు. దాన్ని మారిస్తే దశాబ్దాల ప్రోగ్రాములు ఆగిపోతాయి.

అనుమానం వచ్చినప్పుడు డాక్యుమెంటేషన్‌తో కుస్తీ పట్టేకంటే పది లైన్ల పరీక్ష త్వరగా తేలుస్తుంది. తనకు అందిన ఆర్గ్యుమెంట్లను ఒక్కో లైనులో ఒక్కోటి, అటూ ఇటూ చదరపు బ్రాకెట్లతో అచ్చువేసే చిన్న ప్రోగ్రాం రాసి, అసలు ప్రోగ్రాం స్థానంలో దాన్ని పిలిపించాలి. పంపాల్సిన పేర్లు కొన్ని: మధ్యలో స్పేస్ ఉన్నది, పూర్తిగా ఖాళీ స్ట్రింగ్, లోపల డబుల్ కోటు ఉన్నది, బ్యాక్‌స్లాష్‌తో ముగిసేది, శాతం గుర్తులున్నది, హైఫన్‌తో మొదలయ్యేది, ఒక తెలుగు పేరు. విండోస్‌లో అయితే ఆ చిన్న ప్రోగ్రాంను ఒకసారి నేరుగా, ఇంకోసారి బ్యాచ్ ఫైలు వెనుక పెట్టి నడపాలి. రెండుసార్లూ వచ్చిన లైన్లు పక్కపక్కన పెట్టుకుంటే, సీఎండీ ఎక్కడ చేయి పెట్టిందో కనిపిస్తుంది.